సార్, దీని రేటెంత?

2002 వేసవి. గవర్నర్‌పేటలో ఒక సందులో మేడమీద మూడు గదుల ఇన్‌స్టిట్యూట్ మాది. కింద చెప్పుల షాపు, పైన మా గుమ్మం బయట కూడా చెప్పులే. అప్పట్లో కంప్యూటర్ ల్యాబ్‌లోకి చెప్పులతో రానిచ్చేవాళ్ళం కాదు, దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని ఒక నమ్మకం. (ఫ్యాను గాలికి వచ్చే దుమ్ము సంగతి ఎవరికీ పట్టేది కాదు.) ఆ రోజు వేసవి బ్యాచ్‌కి ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఫోటోషాప్ మొదటి క్లాసు. తెర మీద కన్ను బొమ్మ వచ్చి పోయింది, నేను లేయర్ అంటే ఏమిటో చెప్పడానికి గాజు పలకల మీద పలకలు పెట్టినట్టు చేతులు తిప్పుతున్నాను. గుడివాడ నుంచి రోజూ బస్సులో వచ్చే కుర్రాడొకడు చెయ్యెత్తాడు.

"సార్, దీని రేటెంత?"

"బోర్డు మీద ఉందిగా, 2,400. రెండు వాయిదాల్లో కట్టొచ్చు."

"కోర్సు కాదు సార్. ఈ ఫోటోషాప్."

నాకు రేటు తెలుసు. ఏదో ఇంగ్లీషు కంప్యూటర్ పత్రికలో చూశాను, 609 డాలర్లు. డాలరు అప్పుడు 49 రూపాయల దగ్గర ఉంది, అంటే 30 వేలకి కాస్త అటూ ఇటూ. నా జీతం 3,500. మా ల్యాబ్‌లో పది మిషన్లు, అన్నీ అసెంబుల్డ్, రెండు మూడైతే సెకండ్ హ్యాండ్. పదింటికీ ఫోటోషాప్ కొనాలంటే మూడు లక్షలు. ఆ మూడు లక్షలుంటే మా ఓనరు ఇన్‌స్టిట్యూట్ ఎత్తేసి కానూరులో స్థలం కొనుక్కునేవాడు.

"అదంతా నీకెందుకురా, ముందు లేయర్లు నేర్చుకో" అన్నాను. క్లాసు నవ్వింది, వాడూ నవ్వాడు. లేయర్లు నేర్చుకున్నాడు.

నిజానికి విజయవాడలో ఫోటోషాప్ రేటు 50 రూపాయలు. ఒక దొంగ సీడీ, దాని మీద మార్కర్‌తో ఫోటోషాప్ 7, కోరల్ 11, పేజ్‌మేకర్ 7, 2000 ఫాంట్లు అని రాసి ఉండేది, అన్నీ కలిపి 50. ఎక్కడ దొరికేవో ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి నేను రాయక్కర్లేదు. ఫోటోషాప్ ఎక్కించేటప్పుడు కొట్టాల్సిన సీరియల్ నంబరు నాకు మా ఇంటి ల్యాండ్‌లైన్ నంబరులా నోటికొచ్చేది, పిల్లలకు నోట్సులో రాయించేవాణ్ణి కూడా. తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ అప్పుడు సిగ్గుపడాలన్న ఆలోచనే లేదు. అసలు ఫోటోషాప్ డబ్బాని నేను మొదటిసారి చూసింది పాఠాలు మొదలుపెట్టిన చాలా కాలానికి, హైదరాబాద్‌లో ఒక యాడ్ ఏజెన్సీ అద్దాల బీరువాలో. ఎంత పెద్ద డబ్బా! లోపల ఒక్క సీడీ, ఒక లావుపాటి పుస్తకం, మిగతా అంతా గాలి. గాలి ఎందుకంటే, 30 వేలు పెట్టినవాడికి చేతిలో ఏదో బరువుగా కనపడాలి కదా. డిజైన్ చెప్పే మాస్టారుని అయ్యుండి ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది.

దీనికి ముందు నేను గుంటూరు అరండల్‌పేటలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో డీటీపీ ఆపరేటర్ని, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చేవాణ్ణి. పగలు కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, పెళ్ళిళ్ళ సీజన్‌లో రాత్రంతా శుభలేఖలు. అక్కడ పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ మాత్రం డబ్బులు పెట్టి కొన్నదే, ఎందుకంటే దానికి లాక్ ఉండేది. లాక్ అంటే అగ్గిపెట్టెంత ముక్క, కంప్యూటర్ వెనకాల ప్రింటర్ పోర్టుకి తగిలిస్తేనే తెలుగు పడేది. మా ఓనరు గారు రాత్రి షట్టర్ వేసేముందు ఆ లాక్ పీకి గల్లాపెట్టెలో పెట్టి తాళం వేసుకుని, తాళం మొలతాడుకి కట్టుకుని ఇంటికి వెళ్ళేవారు. అదే గదిలో ఉన్న లేజర్ ప్రింటర్ మీద ఆయనకంత శ్రద్ధ లేదు. ఫాంట్ల కంపెనీ వాళ్ళ మనిషి వస్తే కుర్చీ వేసి, టీ తెప్పించి, ఒత్తులు ఎక్కడ పక్కకు జరుగుతున్నాయో దగ్గర కూర్చుని చూపించేవారు. డబ్బు పెట్టి కొన్నదాని గురించి అడిగే హక్కు ఉంటుందని ఆయనకు తెలుసు. పేజ్‌మేకర్ ఉన్నట్టుండి ఆగిపోతే మాత్రం ఎవరినీ అడిగేవారు కాదు. "మళ్ళీ ఆన్ చెయ్యరా" అనేవారు, అంతే.

పేజ్‌మేకర్ సంగతే చెప్పుకోవాలి. 1985లో ఆల్డస్ అనే కంపెనీ వాళ్ళు తెచ్చిన సరుకు అది, 1994లో ఆ కంపెనీని ఫోటోషాప్ అమ్మే అడోబీ కొనేసింది. 2001లో వచ్చిన 7 తర్వాత కొత్త పేజ్‌మేకర్ రాలేదు. దాని బదులు వాడుకోమని ఇన్‌డిజైన్ 1999లోనే వచ్చేసింది. అయినా మన వైపు ప్రెస్సుల్లో ఎన్నేళ్ళు నడిచిందండీ ఆ పేజ్‌మేకర్! రేటు అడ్డమనుకుంటే రెండూ ఆ 50 రూపాయల సీడీల్లోనే దొరికేవి. అడ్డం మా వేళ్ళు. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాని తెలుగు ఫాంట్లు, వాటి కీబోర్డు, ఏ గుణింతానికి ఏ మీట నొక్కాలో చూడకుండా కొట్టే అలవాటు, ఇవన్నీ పేజ్‌మేకర్‌తోనే కలిసి పెరిగాయి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు తిన్నగా పడటం 2012లో సీఎస్6 అనే వెర్షన్ వచ్చేదాకా కుదరలేదు. పైగా ప్రెస్సు పెట్టేవాడు సాఫ్ట్‌వేర్‌ని చూసి కొనడు, ముందు ఆపరేటర్ని వెతుక్కుంటాడు. ఆపరేటర్‌కి ఏది వస్తే అదే ఆ ప్రెస్సులో ఉంటుంది. ఆ ఆపరేటర్‌కి నేర్పింది ఎవరు? నాలాంటివాడు.

బొమ్మలు, బోర్డులు గీసే కోరల్‌డ్రాది ఇంకో రకం మార్కెటింగ్. కొత్త వెర్షన్‌లో చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. ఫ్లెక్సీ షాపుల వాళ్ళు ఫోన్లో అరుస్తూ ఉండేవాళ్ళు, "11లో సేవ్ చేసి పంపించండి సార్, మా దగ్గర ఎక్స్4 లేదు." ఒక్క పెద్ద డిజైనరు కొత్తదానికి మారితే చాలు, నెల తిరిగేసరికి బీసెంట్ రోడ్డు నుంచి వన్‌టౌన్ దాకా అందరూ మారాల్సిందే, మారి మళ్ళీ అదే 50 రూపాయల సీడీ వెతుక్కోవాల్సిందే.

ఒకసారి దొంగ సాఫ్ట్‌వేర్ల మీద రైడ్ అన్నారు. ఎవరు చేస్తారో, ఎక్కడ చేస్తారో తెలియదు, ఫోన్ మాత్రం వచ్చింది. గంటలో మా వీధిలో నాలుగు షట్టర్లు దిగాయి. మా ఓనరు హార్డ్ డిస్కులు పీకి బియ్యం సంచిలో వేసుకుని స్కూటర్ మీద ఎక్కడికో వెళ్ళిపోయారు. మధ్యాహ్నం బ్యాచ్ పిల్లలు మెట్లెక్కి వస్తుంటే నేను మధ్యలో నిలబడి "కరెంటు లేదురా, రేపు రండి" అన్నాను. నా నెత్తిమీద ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. గుడివాడ కుర్రాడు లైటు వైపు చూశాడు, నా వైపు చూశాడు, "సరే సార్" అని దిగి వెళ్ళిపోయాడు. రైడ్ రాలేదు, ఏమీ రాలేదు. ఆ "సరే సార్" మాత్రం నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

ఆ కుర్రాడే తర్వాత ఎంసీఏ చదివి 2005లో దసరా ముందు నా దగ్గరికి వచ్చాడు, సొంతంగా ఒక సాఫ్ట్‌వేర్ రాశానని. విజువల్ బేసిక్‌లో చేశాడు. ప్రెస్సుల వాళ్ళకి ఎస్టిమేట్ వేసిపెట్టేది. కాగితం సైజు, జీఎస్‌ఎం (కాగితం బరువు), ఎన్ని కాపీలు, ఎన్ని రంగులు, ప్లేట్లు, వేస్టేజి, బైండింగ్ అన్నీ అడిగి నిమిషంలో రేటు చెప్పేస్తుంది. మా అరండల్‌పేట ఓనరు గారు ఇదే లెక్క పాత బిల్లు వెనకాల పావుగంట సేపు వేసి, చివర్లో అందులోనుంచి 200 తగ్గించి పార్టీకి చెప్పేవారు. నాకు భలే నచ్చింది. రేటు ఎంత పెట్టావురా అంటే 500 అన్నాడు. తక్కువ పెడితే అందరూ కొంటారని వాడి లెక్క.

నెలన్నర తిరిగాడు విజయవాడ, గుంటూరు ప్రెస్సుల చుట్టూ. రెండు అమ్ముడుపోయాయి, ఆ రెండూ మొహమాటానికి. ఒకరోజు నేనూ వాడితో కలిసి మా పాత ఓనరు గారి దగ్గరకి వెళ్ళాను. ఆయన అంతా శ్రద్ధగా చూసి, "బాగుంది మాస్టారూ, కానీ 500 పెడితే క్యాలిక్యులేటరే వస్తుందిగా" అన్నారు. బయటికొచ్చి శంకర్ విలాస్ సెంటర్‌లో టీ తాగుతుంటే నాకు వెలిగింది. 500 అంటే ఆయన దాన్ని క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి చూస్తున్నాడు. వేలల్లో చెబితే గుమాస్తా జీతం పక్కన పెట్టి చూస్తాడు. వస్తువు అదే, పక్కన ఏది పెట్టి చూస్తున్నాడన్నదే తేడా. రంగుల క్లాసులో ఏళ్ళ తరబడి నేను చెప్పేది అదే, ఒకే బూడిద రంగు ముక్క నలుపు మీద పెడితే తెల్లగా, తెలుపు మీద పెడితే నల్లగా కనిపిస్తుందని. రంగుల దగ్గర చెప్పగలిగినవాణ్ణి రూపాయల దగ్గర ఎందుకు ఆలోచించలేదో.

ఇక నేను రంగంలోకి దిగాను. మందపాటి అట్టతో డబ్బా చేయించాను, లామినేషన్ చేయించి. 24 పేజీల తెలుగు పుస్తకం రాశాం, స్క్రీన్ బొమ్మలతో సహా. ఏడాది పాటు నెలకోసారి వాడే షాపుకి వచ్చి చూసి వెళ్తాడని కార్డు పెట్టాం. డబ్బాలో ముప్పావు వంతు గాలే, హైదరాబాద్ బీరువాలో చూసిందే కాపీ కొట్టాను, ఏం దాచుకోవాలి. రేటు 6,000 అనుకుని, చివరికి బాటా రేటు పెట్టాం, 5,999. మా పాత ఓనరు గారే మొదట కొన్నారు. "ఆ రూపాయి ఎందుకు తగ్గించారయ్యా" అని నవ్వి, 6,000 లెక్కపెట్టి ఇచ్చి, ఆ రూపాయి అడిగి మరీ తీసుకున్నారు. ఏడాదిలో ఇరవైకి పైగా పోయాయి. వాడు సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్ కొన్నాడు.

తర్వాత తెనాలి. ఒక ప్రెస్సుకి డెమో ఇద్దామని డబ్బా పట్టుకుని ప్యాసింజర్‌లో వెళ్ళాడు. ఆ ఓనరు డబ్బా చూసి, "ఇదా బాబూ, మా దగ్గర ఉందే, ఆర్నెల్లుగా వాడుతున్నాం" అన్నాడట. చూస్తే తెర పైన గుంటూరులో వాడు అమ్మిన షాపు పేరే కనిపిస్తోంది. ఎవరో మెకానిక్ కాపీ చేసి ఇచ్చాడు. ఆ ఓనరు మొహంలో దాపరికమేమీ లేదు, పైగా కాఫీ తెప్పించి, "మంచి సాఫ్ట్‌వేరే, కాకపోతే నాలుగు రంగుల పనికి వేస్టేజి తక్కువ చూపిస్తోంది, దీన్ని సరిచేసేవాళ్ళు ఎవరైనా తెలుసా?" అని అడిగాడట. వీడు కూర్చుని సరిచేసి వచ్చాడు. ఆయన 200 ఇచ్చాడు, కూలి.

సాయంత్రం నాకు చెబితే నాకు ఒళ్ళు మండిపోయింది. దొంగవెధవ అన్నాను, పోలీసు కంప్లైంట్ అన్నాను, ఇంకేమేమో అన్నాను. వాడు అంతా విని నెమ్మదిగా, "పోన్లెండి సార్. మొదటి క్లాసులో ఫోటోషాప్ రేటు మీరు మాకు చెప్పలేదు కదా. ఆయనకీ ఎవరూ చెప్పి ఉండరు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు అది, వాడి గొంతులో కోపం ఏమాత్రం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

ఆ తర్వాతే నేను ఈ రేట్ల గొడవ పట్టించుకుని చదవడం మొదలుపెట్టాను. ఫోటోషాప్‌ని 1987లో రాయడం మొదలుపెట్టింది థామస్ నోల్ అనే పీహెచ్‌డీ విద్యార్థి, తమ్ముడు జాన్‌తో కలిసి. 1990లో అడోబీ పేరుతో అమ్మకానికి రాకముందే బార్నీస్కాన్ అనే స్కానర్‌తో పాటు ఓ 200 కాపీలు బయటికి వెళ్ళాయి. అంటే లోకంలోకి మొదట వచ్చిన ఫోటోషాప్ విడిగా కొన్నది కాదు, స్కానర్‌కి కొసరు! బిల్ గేట్స్ 1998లో ఒక యూనివర్సిటీ పిల్లలతో మాట్లాడుతూ, చైనాలో ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి దొంగిలించేదేదో మాదే దొంగిలించనీ, అలవాటు పడ్డాక ఎలా వసూలు చేసుకోవాలో తర్వాత చూసుకుంటాం అన్నట్టు మాట్లాడాడు. అది చదివినరోజు నాకు నిద్ర పట్టలేదు. దొంగసీడీ వాడి కంపెనీల పొట్ట కొడుతున్నానని ఇన్నాళ్ళూ ఒక మూల అపరాధభావం ఉండేది, తీరా చూస్తే నేను వాళ్ళకి జీతం లేని సేల్స్‌మన్‌ని. ఏటా ఎన్ని బ్యాచ్‌లు, ఎంతమంది పిల్లలు, అందరికీ అదే అలవాటు చేసి పంపాను. పొట్ట కొట్టింది వేరేవాళ్ళది.

అదెవరంటే, 2010 ప్రాంతంలో బుద్ధి తెచ్చుకుని ఫోటోషాప్ లాంటి గింప్, కోరల్ లాంటి ఇంక్‌స్కేప్ నేర్పుదామని చూశాను. రెండూ ఫ్రీ, చట్టప్రకారం ఫ్రీ, సీరియల్ నంబరు నోట్సులో రాసుకోవాల్సిన పనిలేదు. 14 మంది చేరితే వారంలో ముగ్గురు మిగిలారు. ఒక అమ్మాయి వాళ్ళ నాన్న గారు నూజివీడు నుంచి పనిగట్టుకుని వచ్చి, "ఫ్రీగా వచ్చేదానికి ఫీజెందుకండీ, మా అమ్మాయికి ఫోటోషాప్ చెప్పండి" అన్నారు. అవతల 30 వేల వస్తువు 50 రూపాయలకు దొరుకుతుంటే ఉచితంగా ఇచ్చేదాన్ని ఎవడు తీసుకుంటాడు? నిజంగా 30 వేలు కట్టాల్సి వచ్చి ఉంటే మన ప్రెస్సులన్నీ ఎప్పుడో గింప్‌కి మారేవి, తెలుగులో దానికి నాలుగు పుస్తకాలూ వచ్చేవి. ఇది నా ఊహే, కాదంటే ఒప్పుకుంటాను. ఆ మూడో వారం నేనూ ఫోటోషాప్ తెరిచేశాను, ఇంటద్దె కట్టాలి కదా.

2013 మేలో అడోబీ వాళ్ళు ఇక డబ్బాలు లేవు, సీఎస్6తో సరి, ఇకమీదట చందాయే అన్నారు. క్లాసులో బోర్డు మీద లెక్క వేశాం, అమెరికా రేట్లే. సీఎస్6 ఫోటోషాప్ 699 డాలర్లు. ఆ ఏడాదే వచ్చిన ఫోటోగ్రఫీ చందా నెలకి 9.99. 70 నెలలు కడితే పాత రేటు పూర్తవుతుంది, అంటే ఆరేళ్ళకి రెండు నెలలు తక్కువ. పిల్లలు ఎంత చవకో అన్నారు. ఒకడు "చిక్ షాంపూ ప్యాకెట్ లాగా అన్నమాట సార్" అన్నాడు. నిజమే, సీసా కొనలేనివాడికి ప్యాకెట్. కాకపోతే షాంపూ అయిపోయాక నా జుట్టు నాదే, నెల దాటిందని మళ్ళీ జిడ్డెక్కమని ఎవరూ అనరు. ఇక్కడ చందా ఆపితే నా ఫైలు ఫోటోషాప్‌లో నేనే తెరుచుకోలేను. 2022లో ప్యాంటోన్ అనే కంపెనీ రంగులకి విడిగా నెల నెలా కట్టాలన్నప్పుడు కట్టనివాళ్ళ పాత ఫైళ్ళలో ఆ రంగులున్నచోట నల్లగా మారిపోయాయి. రంగుకి అద్దె! మా పాత ఓనరు గారు ఇది వినకుండానే పోయారు, వింటే గల్లాపెట్టెలో ఇంకు డబ్బాలకి కూడా తాళం వేసేవారు.

ఇక ఇంటర్నెట్‌లోనే డిజైన్లు చేసుకునే కాన్వా. దాని సంగతి తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కడుపుమంటా వస్తుంది. ఆస్ట్రేలియాలో పెర్త్‌లో మెలనీ పెర్కిన్స్ అనే అమ్మాయి యూనివర్సిటీలో చదువుకుంటూ తోటి పిల్లలకి డిజైన్ సాఫ్ట్‌వేర్లు నేర్పేది. ఏ మీట ఎక్కడుందో నేర్చుకోవడానికే వాళ్ళకి నెలలు పడుతున్నాయని చూసింది. 2007లో స్కూళ్ళ ఇయర్‌బుక్కులతో మొదలుపెట్టి, 2013కల్లా కాన్వా తెచ్చింది. ఆమె చూసిందే నేనూ రోజూ చూశాను, గవర్నర్‌పేటలో, ఆమెకంటే ముందునుంచీ. పిల్లలకి కష్టంగా ఉందని నేను ఆదివారం ఎక్స్‌ట్రా క్లాసు పెట్టాను, ఆమె కంపెనీ పెట్టింది. వాళ్ళే 2024లో అఫినిటీ అనే ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్‌ని కూడా కొని, మరుసటి ఏడాది దాన్ని ఉచితం చేసేశారు. ఇప్పుడు 50 రూపాయల సీడీ అంటే మా పిల్లలకి అర్థం కాదు, అసలు సీడీ అంటేనే కాదు.

పోయిన నెల గుడివాడ కుర్రాడు వచ్చాడు. కుర్రాడంటున్నాను గానీ నలభై దాటాయి, జుట్టు నాకంటే ముందే తెల్లబడింది. ఆ ఎస్టిమేట్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఫోన్‌లో నడుస్తుంది, జీఎస్టీ బిల్లుతో సహా. నెలకి 299. "ఇప్పుడూ బాటా రేటేనా" అన్నాను. "మీరు నేర్పిందే కదా సార్" అన్నాడు. నా ఫోన్ తీసుకుని తనే ఎక్కించి ఇచ్చాడు.

"నాకెంత?"

"మాస్టార్లకి ఫ్రీ సార్. మీ దగ్గర నేర్చుకున్న పిల్లలే కదా రేపు ప్రెస్సుల్లోకి వెళ్ళేది."

వాడి మొహంలోకి చూశాను. దాపరికం లేదు, తెనాలి ఓనరు లాగే.

మర్నాడు క్లాసులో దాన్ని ప్రొజెక్టర్ మీద చూపించాను. ఇప్పుడు నాకు అలవాటు, ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా ముందు బోర్డు మీద దాని రేటు రాస్తాను. 299 అని రాశాను, పక్కన నెలకి అని. వెనక బెంచీలో మంగళగిరి అమ్మాయి చెయ్యెత్తింది.

"మీకెంతకి ఇచ్చారు సార్?"

నెత్తిమీద లైటు వెలుగుతోంది. కరెంటు పోయిందనడానికి వీల్లేదు.

"నాకు కొసరమ్మా" అన్నాను. క్లాసంతా నవ్వారు, ఆ అమ్మాయి మాత్రం నోట్సులో ఏదో రాసుకుంది.